పంజాగుట్ట మీదుగా గచ్చిబౌలి దాకా: నా మొదటి ఫుల్ మారథాన్

గురువారం రాత్రి, రాజమండ్రి

మామూలుగా తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచే షాపు ఇవాళ ఏడింటికే కట్టేశాను. పెయింట్లు, హార్డ్‌వేర్ మా వ్యాపారం. వానలకి రంగుల పని కాస్త తగ్గింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నాలుగు రోజులు కుర్రాడి మీద వదిలేసి వెళ్లడం నా వల్ల అయ్యేది కాదు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి లింగంపల్లి దాకా టికెట్. పెద్ద బ్యాగు ఒకటి, చిన్న బ్యాగు ఒకటి. చిన్నదాంట్లో షూస్, రెండు జతల సాక్స్, పరిగెత్తేటప్పుడు వేసుకునే టీషర్టు, నిక్కరు, వాజ్‌లిన్ డబ్బా, బెల్లం పప్పుచెక్కల పొట్లం. పెద్ద బ్యాగు పోయినా పర్వాలేదు, ఇది మాత్రం తల కింద పెట్టుకుని పడుకో అని మా ఆవిడ స్టేషన్ దాకా చెబుతూనే వచ్చింది.

పద్దెనిమిది వారాలుగా, వారానికి నాలుగు రోజులు, గోదావరి గట్టు మీద పరిగెత్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి కోటిలింగాల రేవు నుంచి ధవళేశ్వరం వైపు వెళ్లి మళ్లీ వెనక్కి. ఎదురొచ్చేవాళ్లందరూ తెలిసినవాళ్లే, రోడ్డు చాప పరిచినట్టు చదును. ఆ చదునే నా టెన్షన్. హైదరాబాద్‌లో ఫుల్, అంటే 42 కిలోమీటర్ల మారథాన్, పరిగెత్తినవాళ్లు ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఎత్తుపల్లాల గురించి, తర్వాత ఫ్లైఓవర్ల గురించి. అందుకని ఆదివారాలు రోడ్డు కం రైలు వంతెన ఎక్కే చోట పైకీ కిందకీ తిరిగేవాణ్ణి, రెండు మూడు సార్లు కోరుకొండ వెళ్లి నరసింహస్వామి కొండ మెట్లు ఎక్కి దిగాను. ఈలోగా వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ రోజుల్లో గట్టు మానేసి ఊళ్లో వీధుల్లోనే తిరిగాను. 32 కిలోమీటర్ల లాంగ్ రన్ ఒక్కటంటే ఒక్కటే పడింది.

మొదటి ఫుల్ హైదరాబాద్‌లో వద్దండీ, చదునుగా ఉండే ఊరు ఏదైనా చూసుకోండి అని మా రన్నింగ్ గ్రూపులో పెద్దాయన చాలాసార్లు చెప్పారు. ఆయన మాట ఎప్పుడూ కాదనను. దీనికి మాత్రం ఒప్పుకోలేదు, కారణం ఆయనకీ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

2002లో ఇదే గౌతమిలో, జనరల్ బోగీలో, బాత్రూమ్ తలుపు పక్కన నిలబడి హైదరాబాద్ వెళ్లాను. నాకప్పుడు 22. డిగ్రీ అయింది, అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని మా నాన్న షాపు డబ్బులోంచి 18 వేలు తీసి ఇచ్చారు. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, గదికి నలుగురం. కోర్సు బాగానే చదివాను. కానీ అవి అమెరికాలో కంపెనీలు మూతపడి ఇక్కడ ఉద్యోగాలు ఆగిపోయిన రోజులు, మాకంటే ముందు బ్యాచుల వాళ్లే ఖాళీగా తిరుగుతున్నారు. బస్సు డబ్బులు మిగులుతాయని ఎస్సార్ నగర్ నుంచి పంజాగుట్ట, సోమాజీగూడ, రాజ్‌భవన్ రోడ్డు దాకా రెజ్యూమేల ఫైలు పట్టుకుని నడిచేవాణ్ణి. పదకొండు నెలలు నడిచాను. చివరికి ఓ రోజు ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే నాన్న ఏమీ అడగకుండా "వచ్చెయ్యరా" అన్నారు. వచ్చేశాను. ఆ తర్వాత పెళ్లిళ్లకీ, సరుకుకీ ఎన్నిసార్లు హైదరాబాద్ వెళ్లానో లెక్కలేదు, పంజాగుట్ట మాత్రం ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చూసి తల తిప్పుకున్నదే. మారథాన్ దారి ఆ రోడ్డు మీదుగానే వెళ్తుందని రెండేళ్ల కిందట తెలిసింది. అప్పుడే అనుకున్నాను, ఫుల్ అంటూ పరిగెత్తితే ఇక్కడే అని.

శుక్రవారం, చందానగర్

లింగంపల్లిలో దిగేసరికి సన్నగా జల్లు. మా చిన్నాన్న కూతురు చందానగర్‌లో ఉంటుంది, బావగారు బండి వేసుకుని వచ్చారు. ఇంటికి వెళ్లగానే చెల్లి పెసరట్టు వేయబోయింది. వద్దమ్మా, ఈ రెండు రోజులూ నాకు అన్నం, పప్పు, ఇడ్లీ, పెరుగు చాలు, అల్లం పచ్చడి కూడా ఆదివారం తర్వాతే అంటే "అన్నయ్యా, ఇంత నోరు కట్టుకుని పరిగెత్తడం అవసరమా" అంది, అంటూనే నాకు విడిగా ఇడ్లీ పెట్టింది.

మధ్యాహ్నం హైటెక్స్‌కి వెళ్లి బిబ్ తెచ్చుకున్నాను. బిబ్ అంటే ఛాతీ మీద పిన్నులతో పెట్టుకునే నంబరు, దాంట్లోనే చిప్ ఉంటుంది, మనం ఏ గీత ఎప్పుడు దాటామో అదే చెబుతుంది. హాలు నిండా జనం. పరుగు మధ్యలో ఓపిక కోసం మింగే తీపి జెల్‌లు, షూస్, మోకాలి పట్టీలు అమ్మే స్టాళ్లు. కొత్త షూస్ చూస్తే చెయ్యి లాగింది, ముట్టుకుని పెట్టేశాను. రేసు రోజు కొత్తది ఏదీ వద్దు అన్నది పరిగెత్తేవాళ్లందరికీ తెలిసిన నియమం, సాక్స్ అయినా సరే పాతవే. క్యూలో నా ముందు నేత చీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు ఉన్నారు, కోడలితో కలిసి 10కె, అంటే పది కిలోమీటర్లు, పరిగెత్తుతున్నారట. "మీదేంటి బాబూ" అని అడిగి, ఫుల్ అని చెప్పగానే నా చెయ్యి పట్టుకుని "మెల్లగా వెళ్లు నాయనా, తొందర లేదు" అన్నారు. ఆదివారం ఆ మాట కనీసం ఇరవైసార్లు గుర్తొచ్చి ఉంటుంది.

సాయంత్రం మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాను. నేనున్న రోజుల్లో మెట్రో లేదు, 2017 చివర్లో వచ్చింది. అంత ఎత్తున స్టేషన్ మీద నిలబడి చూస్తే కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం చిన్నగా కనిపించింది. కిందకి దిగాను. కోర్సుల పేర్లు మారాయి, కరపత్రాలు పంచే కుర్రాళ్లు అలాగే ఉన్నారు. ఒకబ్బాయి నా చేతిలో కూడా ఒకటి పెట్టాడు, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. పారెయ్యబుద్ధి కాలేదు.

అక్కడికే మా పాత రూమ్మేట్ వచ్చాడు. వాడిది నల్గొండ జిల్లా, ఆ నలుగురిలో ముందు ఉద్యోగం దొరికింది వాడికే. దొరికిన రోజు నాకు చెప్పడానికి మొహమాటపడి రాత్రి పన్నెండు దాకా బయటే తిరిగాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు నిజాంపేటలో ఇల్లు కట్టుకున్నాడు. టీ తాగుతూ "ఏడ నిలవడమంటవ్ రా ఐతారం" అని అడిగాడు. పంజాగుట్ట అన్నాను. ఎందుకని అడగలేదు, తలూపాడు.

శనివారం

రోజంతా ఏమీ చెయ్యకూడదు, అదే కష్టం. కాళ్లు పైకి పెట్టి పడుకోవడం, నీళ్లలో కాస్త ఉప్పూ నిమ్మకాయా వేసుకుని తాగడం, అన్నం తినడం. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, వాడికి ఒక లెక్క చెప్పాను. మనిషి ఒక కిలోమీటరు పరిగెత్తితే సుమారుగా తన బరువెంతో అన్ని కేలరీలు ఖర్చవుతాయి. నా బరువు 71 కిలోలు, అంటే 42 కిలోమీటర్లకి దగ్గర దగ్గర 3000. ఒంట్లో కండల్లో, కాలేయంలో దాచుకునే చక్కెర నిల్వ 2000 కేలరీల చుట్టూ ఉంటుంది. మిగతాది కొవ్వులోంచి రావాలి, కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది. అందుకే 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి ఉన్నట్టుండి గల్లాపెట్టె ఖాళీ అయినట్టు అవుతుంది, దాన్నే వాల్ అంటారు. దారిలో అరగంటకోసారి నోట్లో తీపి పడాలి. మావాడు అంతా విని "మావయ్యా, మరి మొదట్లో మెల్లగా వెళ్తే నిల్వ ఎక్కువసేపు వస్తుందా" అని అడిగాడు. వస్తుంది. మొత్తం శిక్షణ సారం వాడికి ఒక్క నిమిషంలో అర్థమైంది.

సాయంత్రం బావగారు కారులో ట్యాంక్‌బండ్ వైపు తీసుకెళ్లారు, రేపు చీకట్లో ఏమీ కనపడదు, ఇప్పుడే చూడండి బావగారూ అని. వినాయక చవితి దగ్గరకొచ్చేసింది, దారి పొడవునా మండపాలకి కర్రలు కడుతున్నారు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు చూసుకుంటూ నడిచాం. నన్నయగారు, కందుకూరి వీరేశలింగంగారు, కాటన్ దొర. ముగ్గురూ మా ఊరి మనుషులే అనిపించి ముగ్గురికీ దండం పెట్టుకున్నాను. నీళ్ల మధ్యలో బుద్ధుడు. ఆ విగ్రహం 1990లో తీసుకొస్తుండగా పడవలోంచి హుస్సేన్ సాగర్‌లో పడిపోయింది, మనుషులు కూడా పోయారు. రెండేళ్లకి పైగా నీళ్లలోనే ఉంది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. బావగారికి ఈ సంగతి తెలియదట, ఆయన చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయారు.

హుస్సేన్ సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రం మీద 513.41 మీటర్లని వానాకాలం పేపర్లలో రోజూ వేస్తారు. జూబ్లీహిల్స్ దానికంటే బాగా ఎత్తు. అంటే రేపు చెరువు ఒడ్డు నుంచి గుట్టల మీదికి ఎక్కడమే. కారు వెళ్తుంటే ఎక్కుడు తెలియదు కానీ, ఇంజన్ శబ్దం మారిన చోటల్లా నేను లోపల లెక్క పెట్టుకున్నాను.

ఎనిమిదింటికి పెరుగన్నం తిని, టీషర్టుకి నాలుగు పిన్నులతో బిబ్ పెట్టుకుని, పప్పుచెక్కలు చిన్న ముక్కలు చేసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పడుకున్నాను. నిద్ర పట్టింది పదకొండు తర్వాతే.

ఆదివారం

రెండింటికే లేచాను. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు, కాఫీ. తొడల మధ్య, చంకల్లో వాజ్‌లిన్ పట్టించి, ఛాతీ మీద రెండు చోట్ల ప్లాస్టర్ అంటించాను, తడిసిన బట్ట నాలుగు గంటలు రాసుకుంటే చర్మం లేచి రక్తం వస్తుంది, ఇది జులైలో తెలిసొచ్చింది. రాత్రే బుక్ చేసుకున్న క్యాబ్ మూడింటికి క్యాన్సిల్ అయింది. ఇంకోటి బుక్ చేస్తే అదీ అంతే. ఆ పది నిమిషాలు నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను. బావగారు లుంగీ మీదే వచ్చి కారు తాళాలు తీశారు. "పదండి, మాట్లాడకండి" అన్నారు. ఆయన ఆ అపరాత్రి నన్ను నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర దింపకపోతే ఇదంతా రాసేవాణ్ణి కాదు.

అక్కడ దీపాల వెలుగులో వేలమంది. పెయిన్ స్ప్రే వాసన, సాగర్ నీళ్ల వాసన. జనగణమన పాడేటప్పుడు ఎవరి కాళ్లూ కదల్లేదు, అంతకుముందు వరకూ అందరూ అక్కడికక్కడే గెంతుతూ ఉన్నవాళ్లే.

నా లెక్క 5 గంటల 15 నిమిషాలు. అంటే కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలకి ఓ రెండు సెకన్లు తక్కువ. సాగర్ ఒడ్డున తొలి కిలోమీటర్లు చాలా తేలిగ్గా గడిచాయి, అందరూ నన్ను దాటుకుని వెళ్తుంటే కాళ్లు ఆగనన్నాయి, పెద్దావిడ మాట గుర్తుచేసుకుని పట్టి ఉంచాను. చలి లేదు, వేడీ లేదు, కానీ గాలిలో తేమ. ఆగస్టులో ఇదే ఇబ్బంది, చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గోదావరి గట్టు మీద ఉక్కపోతలో తిరిగినవాణ్ణి కాబట్టి దీనికి మాత్రం నేను సిద్ధంగానే ఉన్నాను. మొదటి గంట తిరగకుండానే టీషర్టు పిండితే కారేలా అయింది.

ఖైరతాబాద్ దాటి రాజ్‌భవన్ రోడ్డు ఎక్కేసరికి తూర్పు తెల్లబడింది. చెట్ల కింద రోడ్డు ఊడుస్తున్న ఆవిడ చీపురు ఎత్తిపట్టుకుని మాకోసం పక్కకి జరిగి నిలబడింది. నేను ఈ రోడ్డు మీద నడిచిన రోజుల్లో కూడా పొద్దున్నే ఇలాగే ఊడ్చేవాళ్లు. అప్పుడు నేను వాళ్లవైపు చూసేవాణ్ణి కాదు, ఇంటర్వ్యూలో చెప్పాల్సిన ఇంగ్లీషు వాక్యాలు లోపల వల్లె వేసుకుంటూ తల దించుకుని వెళ్లేవాణ్ణి. ఇవాళ "నమస్తే అమ్మా" అన్నాను. ఆవిడ నవ్వి, చీపురున్న చేత్తోనే ముందుకి చూపించింది.

సోమాజీగూడలో ఒక మలుపు ఉంది, అక్కడ మూడో అంతస్తులో ఒక ఆఫీసు ఉండేది. అందులో రెజ్యూమే తీసుకుని, నేను మెట్లు దిగకముందే దాన్ని పక్కన పెట్టిన చప్పుడు విన్నాను. ఇప్పుడక్కడ ఏముందో చూద్దామనుకున్నాను, కానీ ఆ మలుపు వచ్చినప్పుడు నీళ్ల కప్పు అందుకుంటూ ఉన్నాను, తాగి తలెత్తేసరికి దాటిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురుగా పంజాగుట్ట ఫ్లైఓవర్.

"ఒరేయ్ గోదారీ!"

హాస్టల్లో నన్ను అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఇరవై ఏళ్లు దాటింది ఆ పిలుపు విని. వాడు డివైడర్ పక్కన నిలబడి ఉన్నాడు, పక్కన వాళ్ల ఆవిడ, ఇద్దరు పిల్లలు, నలుగురూ పొద్దున్నే నిద్ర లేచి వచ్చారు. వాడి చేతిలో పల్లీపట్టీ. మేం పప్పుచెక్క అంటాం, వాళ్లు పల్లీపట్టీ అంటారు, ఈ మాట మీద హాస్టల్లో ఎన్ని రాత్రులు వాదించుకున్నామో. నెలాఖర్లో మెస్సు డబ్బులు కట్టలేక రాత్రి భోజనం మానేసిన రోజుల్లో ఇద్దరం చెరి సగం తిన్నది ఇదే. వాడు నాతో పాటు ఫ్లైఓవర్ మొదలు దాకా పరిగెత్తాడు, చెప్పులతోనే. "తినుడు కాదురా, జేబుల పెట్టుకో, ముంగటికి పనికొస్తది" అని చేతిలో పెట్టి ఆగిపోయాడు. నేను ఫ్లైఓవర్ ఎక్కుతూ ఏడ్చాను. ముఖమంతా చెమటే కాబట్టి ఎవరికీ తెలిసి ఉండదు. తెలిసినా నాకేం సిగ్గు లేదు.

పైనుంచి చూస్తే కుడివైపు అమీర్‌పేట వెళ్లే రోడ్డు, దాని మీద మెట్రో పట్టాలు. బస్సు డబ్బులు లేక నడిచిన రోడ్డు ఇదే కదా అనుకున్నాను. అప్పుడు ఇక్కడిదాకా నడిచి వచ్చి, పని కాక, మళ్లీ వెనక్కి నడిచేవాణ్ణి. ఇవాళ వెనక్కి వెళ్లే పని లేదు.

ఆ తర్వాత జూబ్లీహిల్స్ దాకా ఎక్కుడే. అందరూ భయపెట్టింది దీని గురించే. చిన్న అంగలు వేస్తూ, మోచేతులు ఊపుతూ, ముందున్న మనిషి మడమలు చూస్తూ ఎక్కాను. కోరుకొండ మెట్లు అక్కరకొచ్చాయి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని పెద్దాయన చెప్పారు, దిగుడులో స్పీడు బాగుంటుంది కదా అని వదిలేస్తే తొడ ముందు కండరాలు నలిగిపోతాయి, ఆ దెబ్బ చివర్లో తెలుస్తుంది. నాకు ఆ దెబ్బ తగిలింది. రోడ్ నంబర్ 45 దగ్గర పల్లం చూసి నేను కొంచెం వదిలేశాను, ఒక రెండు కిలోమీటర్లు, కిలోమీటరుకి ఏడు నిమిషాల లోపే పరిగెత్తాను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదికి వచ్చినప్పుడు గాలి తగిలింది, ఆ గాలి ఒక్కటే ఆ పూటకి దొరికిన చల్లదనం. 2020లో తెరిచిన వంతెన అది, రెండు పక్కలా పైనుంచి కిందకి లాగి కట్టిన తీగలు, కింద చెరువు, గుట్టల మీద భవనాలు. మేమున్నప్పుడు ఇటువైపు రాళ్లగుట్టలు తప్ప ఏముందో మాకు తెలియదు. సగం దూరం అయ్యేసరికి 2 గంటల 41 నిమిషాలు. అనుకున్నదానికి మూడు నిమిషాలు వెనక, అయినా బాగానే ఉన్నాను అనిపించింది.

ఆ తర్వాతి గంట గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అద్దాల భవనాల మధ్య వెడల్పాటి రోడ్లు, జనం పలచబడ్డారు, ఎండ వచ్చింది. నీళ్లు, ఉప్పు కలిపిన నీళ్లు, అరటిపండు ముక్క, మళ్లీ పరుగు. వాలంటీర్లు చాలామంది కాలేజీ పిల్లలు, మా బిబ్ మీద పేరు చూసి "కమాన్ సార్" అని అరుస్తుంటే మా అమ్మాయే అరుస్తున్నట్టు ఉండేది.

32 దాటాక ఎడమ పిక్క పట్టేసింది. పట్టేయడం అంటే మామూలుగా కాదు, లోపల ఎవరో తాడు ముడివేసి లాగినట్టు, చర్మం మీద నుంచే ఆ ముడి కనిపించింది. డివైడర్ పట్టుకుని నిలబడిపోయాను. అంతకుముందు చేసిన అన్ని లాంగ్ రన్‌లలో ఎప్పుడూ ఇంత దూరం రాలేదు, ఇక్కణ్ణించి ప్రతి అడుగూ నాకు కొత్తే. డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. ఏమీ అడగకుండా వంగి నా షూ పట్టుకుని, వేళ్లు పైకి వచ్చేలా పాదాన్ని వంచి పట్టాడు. ఒక నిమిషం అలాగే ఉన్నాడు. యూనిఫాం ప్యాంటు మోకాలు రోడ్డు మీద ఆనింది, లేచాక దానికి తడి మట్టి అంటి ఉంది, అదైనా దులుపుకోలేదు. "గింతే ఉన్నది అన్నా, నడుసుకుంట పో, కూసోకు" అన్నాడు. కూర్చుంటే లేవలేనని ఆయనకి ఎలా తెలుసో. థాంక్స్ చెప్పేలోపే విజిల్ వేసుకుంటూ వెళ్లిపోయాడు.

నడిచాను. 5 గంటల 15 నిమిషాల లెక్క అక్కడే వదిలేశాను, వాచీ చూడడం మానేశాను. జేబులో చెయ్యి పెడితే నా పప్పుచెక్క ముక్కలు అయిపోయాయి, వాడిచ్చిన పల్లీపట్టీ మిగిలింది, చెమటకి కవర్లో మెత్తబడి బెల్లం కారుతోంది. నమిలే ఓపిక లేదు. నాలుక మీద పెట్టుకుని కరగనిచ్చాను. బెల్లం కరిగి గొంతులోకి దిగుతుంటే పల్లీ బద్దలు ఒక్కొక్కటీ విడివిడిగా నోట్లో మిగిలాయి, వాటిని మెల్లగా నములుతూ ఓ కిలోమీటరు నడిచాను. నిజంగా దానివల్లో, వాడిచ్చాడన్న ధైర్యం వల్లో, కాసేపటికి కళ్ల ముందు మసక తగ్గింది. ఒక కరెంటు స్తంభం నుంచి రెండో స్తంభం దాకా పరుగు, మూడో స్తంభం దాకా నడక. అలా స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను.

పంజాగుట్టలో అలా పొంగిపోయిన మనసుకి గచ్చిబౌలిలో ఏ ఆలోచనా లేదు. అమీర్‌పేట లేదు, నాన్న లేరు, 2002 లేదు. ముందున్న స్తంభం ఒక్కటే ఉంది. రెండేళ్లుగా ఈ పరుగు గురించి ఏవేవో ఊహించుకున్నాను, ఇలా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

గచ్చిబౌలి స్టేడియం 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టారు. నేను ఫైలు పట్టుకుని తిరుగుతున్న ఏడాదే దీన్ని కట్టారన్నమాట. గేటు దగ్గర చెల్లి, మేనల్లుడు, బావగారు కనిపించారు, బావగారు లుంగీ మార్చుకుని ప్యాంటులో వచ్చారు. మేనల్లుడు "మావయ్యా నిల్వ ఉందా" అని అరిచాడు. చెయ్యెత్తాను. 5 గంటల 41 నిమిషాలు. గీత దాటాక ఒకమ్మాయి మెడలో మెడల్ వేసింది, వంగలేకపోతే తనే మునివేళ్ల మీద లేచి వేసింది. గడ్డి మీద పడుకున్నాను. ఆకాశం మబ్బుగా ఉంది.

నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి 76, మారథాన్ అంటే ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా "ఎందుకురా అంత దూరం" అంటారు. ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చావని అడిగితే దారి చెప్పాను. ఖైరతాబాద్, సోమాజీగూడ, పంజాగుట్ట అనగానే ఆపారు. "పంజాగుట్ట అంటే నువ్వు నడిచి వెళ్లేవాడివని చెప్పావు, అదేనా?" నేను ఎప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. అదే నాన్నా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కాళ్లకి వేడినీళ్లు పెట్టుకో" అన్నారు.

సోమవారం, జన్మభూమి ఎక్స్‌ప్రెస్

పొద్దున్నే లింగంపల్లి నుంచి విశాఖపట్నం వెళ్లే జన్మభూమి. స్టేషన్ మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగాను. చెల్లి అల్లం పచ్చడి సీసా, పెసరట్లు కట్టిచ్చింది, నల్గొండ రాకముందే తినేశాను. గంటకోసారి లేచి బోగీ ఈ చివర్నించి ఆ చివరకి నడిచాను, కూర్చుండిపోతే కాళ్లు బిగుసుకుపోతాయి. ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. పెద్దాయనకి ఫోన్ చేసి, ఆ దిగుడు దగ్గర చేసిన తప్పు చెప్పాను. "తొలిసారి అందరూ చేసేదే అండీ" అని, అమీర్‌పేట సంగతి కూడా ఇప్పుడు చెబితే, "ముందే చెప్పుంటే నేనూ వచ్చేవాణ్ణి కదండీ" అన్నారు.

కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి మధ్యాహ్నం బాగా వాలింది. గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. కిటికీ పక్కన కూర్చున్న పాప వాళ్ల నాన్నమ్మ ఇచ్చిన రూపాయి పట్టుకుని ఎప్పుడు వెయ్యాలా అని చూస్తోంది. నేనూ జేబు తడిమాను. చిల్లరతో పాటు అమీర్‌పేటలో ఆ కుర్రాడిచ్చిన కరపత్రం వచ్చింది, నాలుగు మడతలు అలాగే ఉన్నాయి. దాన్ని మళ్లీ లోపల పెట్టి, పాపతో పాటు నా రూపాయీ వేశాను. రేవుల వైపు చూస్తే మెట్ల మీద నుంచి నీళ్లు దిగిపోయాయి, ఎవరో ఇద్దరు పారలతో బురద తోస్తున్నారు. గట్టు మీద రోడ్డు బయటపడింది.